ఫోన్ ఎత్తు 147 మి.మీ., ల్యాప్‌టాప్ ఎత్తు 11 మి.మీ.: స్పెక్ షీట్‌లో ‘ఎత్తు’ అంటే అసలు ఏంటి?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఫోన్ ఎత్తు ఎక్కువా, ల్యాప్‌టాప్ ఎత్తు ఎక్కువా?

“ఇదేం ప్రశ్న, ల్యాప్‌టాపే కదా పెద్దది” అనిపిస్తే ఒకసారి స్పెక్ షీట్ చూడండి. ఐఫోన్ 15కి యాపిల్ ఇచ్చిన కొలతలు ఇవి: హైట్ 147.6 మి.మీ., విడ్త్ 71.6 మి.మీ., డెప్త్ 7.8 మి.మీ. అదే కంపెనీ, ఎం2 చిప్ ఉన్న 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్‌కి ఇచ్చినవి: హైట్ 1.13 సెం.మీ., విడ్త్ 30.41 సెం.మీ., డెప్త్ 21.5 సెం.మీ. అంటే కాగితం మీద ఫోన్ ఎత్తు ల్యాప్‌టాప్ ఎత్తుకి 13 రెట్లు!

ఫోన్‌లో హైట్ అన్నిటికంటే పెద్ద అంకె. ల్యాప్‌టాప్‌లో అదే అన్నిటికంటే చిన్న అంకె. డెప్త్ కూడా అంతే. ఫోన్‌లో డెప్త్ అంటే మందం. ల్యాప్‌టాప్‌లో డెప్త్ అంటే మన వైపున్న అంచు నుంచి అవతలి అంచు దాకా ఉన్న దూరం. ఒకే కంపెనీ, ఒకే మూడు మాటలు, అర్థాలు మాత్రం వేరు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పొడవు, ఎత్తు, వెడల్పు అనే మాటలు వస్తువు మీద పర్మనెంట్‌గా అచ్చేసిన పేర్లు కావు. వస్తువు ఎలా నిలబడింది, ఎక్కడి నుంచి కొలిచాం, ఏ స్థితిలో ఉంది అన్నదాన్ని బట్టి వాటి అర్థం మారుతుంది. ఇది తెలియక నేను మా ఇంట్లో మంచి టేకు చెక్కని కోయించేశాను. ముందు ఆ కథ చెప్పి పాఠంలోకి వెళ్తాను.

“ఎత్తంటే ఎక్కణ్ణుంచి బాబూ?”

రెండేళ్ల క్రితం ఊళ్లో అమ్మానాన్నల కోసం 43 అంగుళాల టీవీ కొన్నాను. నేను ఉండేది హైదరాబాద్‌లో, వాళ్లు తణుకు దగ్గర ఊళ్లో. హాల్లో టీవీ కోసం నాన్న టేకుతో యూనిట్ చేయిస్తున్నారు. కింద సొరుగులు, మధ్యలో టీవీ గూడు, పైన ఒక అర. ఆ పై అర నాయనమ్మ ఫొటో పెట్టడానికి.

వడ్రంగి మేస్త్రి ఫోన్ చేసి కొలతలు అడిగారు. నేను ఆన్‌లైన్‌లో స్పెక్స్ చూసి గడగడా చదివేశాను. “వెడల్పు 96 సెంటీమీటర్లు, ఎత్తు 56. కొంచెం ఖాళీ ఉండేలా గూడు ఎత్తు 60 పెట్టండి.”

ఆయన ఒక్క క్షణం ఆగి అడిగారు. “ఎత్తంటే ఎక్కణ్ణుంచి బాబూ?”

“ఎక్కణ్ణుంచి ఏంటండీ, కింద నుంచి పైకి” అన్నాను. నేను ఇంజినీర్‌ని కదా, మరి!

వారం తర్వాత నాన్న ఫోన్. “ఏరా, టీవీ గూట్లో పట్టట్లేదురా.”

మళ్లీ స్పెక్స్ తెరిచి చూస్తే రెండు లైన్లు ఉన్నాయి. స్టాండ్ లేకుండా ఎత్తు 56. స్టాండ్‌తో 62. నేను మొదటి లైన్ చదివి ఆపేశాను. గోడకి బిగిద్దామంటే గూడు వెనక ఉన్నది పల్చటి ప్లైవుడ్, టీవీ బరువు ఆగదు. చివరికి పై అర కోసేశారు. నాయనమ్మ ఫొటో పక్క గోడ మీదకి వెళ్లింది. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

మేస్త్రి అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. ఏ కొలతైనా వాడే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి.

1. ఏది పైవైపు? వస్తువుని ఎలా పెట్టి కొలిచారు?
2. సున్నా ఎక్కడ? కొలత ఎక్కడ మొదలైంది?
3. ఏ స్థితిలో? మడిచా, విప్పా, స్టాండ్‌తోనా, లేకుండానా?

ఈ మూడింటినీ మన గ్యాడ్జెట్లలో ఒక్కొక్కటిగా చూద్దాం.

తాటిచెట్టు, మనిషి, ఛార్జింగ్ కేబుల్

గ్యాడ్జెట్లలోకి వెళ్లే ముందు మన తెలుగు ఒకసారి గమనించండి. చాలా విషయం మన నోట్లోనే ఉంది.

తాటిచెట్టు నిలబడి ఉంటే “ఎంత ఎత్తు ఉంది” అంటాం. గాలివానకి పడిపోతే అదే చెట్టు “ఎంత పొడవు ఉంది” అంటాం. చెట్టు ఒక్క అంగుళం కూడా మారలేదు. దిశ మారింది, మాట మారింది.

మనిషి సంగతి వేరు. 5 అడుగుల 8 అంగుళాల మనిషి మంచం మీద పడుకున్నా అతని ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలే. “ఇప్పుడు పడుకున్నాడు కాబట్టి ఎత్తు 9 అంగుళాలు” అని ఎవరూ అనరు. ఎందుకంటే మనిషికి తల పైకి, కాళ్లు కిందికి అనే ఒక సహజమైన నిలువు ఉంది. ఆ నిలువుని అతను తనతోపాటే మోసుకెళ్తాడు. పైగా ఇక్కడ మనం “పొడుగ్గా ఉన్నాడు” అని కూడా అంటాం. చెట్టుకి తేడాగా వాడే రెండు మాటలూ మనిషి దగ్గర కలిసిపోతాయి.

ఇక ఛార్జింగ్ కేబుల్. చుట్ట చుట్టినా, స్విచ్ బోర్డు నుంచి నిలువుగా వేలాడినా ఒక మీటర్ కేబుల్ పొడవు ఒక మీటరే. “కేబుల్ ఎత్తు ఎంత” అని షాపులో అడిగితే వింతగా చూస్తారు. కేబుల్‌కి పొడవు అంటే దాని వెంట కొలిచిన దూరం. పైన, కింద అనే గొడవే లేదు.

ఇలా వస్తువులు మూడు రకాలు: దిశ మారితే మాట మారేవి, తమ నిలువుని తమతో మోసుకెళ్లేవి, అసలు నిలువుతో పనే లేనివి. స్పెక్ షీట్‌లో ఏ వస్తువు ఏ రకమో తెలిస్తే సగం అయోమయం పోతుంది.

ప్రశ్న 1: ఏది పైవైపు?

ఫోన్ మనిషి లాంటిది. చేతిలో నిలువుగా పట్టుకుంటాం కాబట్టి స్పీకర్ ఉన్న వైపు తల, ఛార్జింగ్ పోర్ట్ ఉన్న వైపు కాళ్లు. టేబుల్ మీద పడుకోబెట్టినా దాని హైట్ 147.6 మి.మీ. గానే ఉంటుంది. ల్యాప్‌టాప్ బల్ల లాంటిది. టేబుల్ మీద మూసి పెట్టినప్పుడు నేల నుంచి ఎంత లేచి ఉందో అదే హైట్. అందుకే ఐఫోన్‌కి 147, మ్యాక్‌బుక్‌కి 11.

మధ్యలో ఇరుక్కున్నది ట్యాబ్లెట్. ఐప్యాడ్ 10వ జనరేషన్ (2022) హైట్ 248.6 మి.మీ., విడ్త్ 179.5 మి.మీ. అంటే నిలువుగా పట్టుకున్నట్టు లెక్క. కానీ అదే మోడల్‌తో యాపిల్ ముందు కెమెరాని పొడవైన అంచు మీదకి మార్చింది. వీడియో కాల్‌కి, కీబోర్డుతో వాడటానికి అడ్డంగా పెట్టుకుంటారు కాబట్టి. కెమెరా ప్రకారం ట్యాబ్ అడ్డంగా ఉండాలి, స్పెక్ షీట్ ప్రకారం నిలువుగా ఉండాలి. మీరు కీబోర్డ్ కేస్ కొంటున్నా, కారు సీటు వెనక హోల్డర్ కొంటున్నా “హైట్” అనే మాటని నమ్మకండి. పెద్ద అంకె ఎంత, చిన్న అంకె ఎంత అని మాత్రమే చూడండి.

స్క్రీన్ రేషియోలోనూ ఇదే గజిబిజి. టీవీకి 16:9 అంటే వెడల్పు 16, ఎత్తు 9. ఫోన్‌కి 20:9 అంటే ఎత్తు 20, వెడల్పు 9. ముందు రాసేది పెద్ద అంకె, అంతే. ఏది ఎత్తో ఆ రాతలో లేదు.

1080పి, 4కె అనే పేర్లు ఇంకా సరదా. టీవీలో ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080. అందులో 1080పి అనే పేరు ఎత్తు నుంచి వచ్చింది, పై నుంచి కిందికి 1080 లైన్లు. 4కె అంటే 3840 × 2160. ఆ “నాలుగు వేలు” వచ్చింది వెడల్పు నుంచి! కొలిచే దిశ మార్చేసరికి పేరులో అంకె అమాంతం పెరిగినట్టు కనిపిస్తుంది. నిజంగా ఎత్తులో పెరిగింది రెండింతలే. ఇక ఫోన్‌లో ఫుల్ హెచ్‌డీ ప్లస్ అంటే మామూలుగా 1080 × 2400. ఇక్కడ 1080 మళ్లీ వెడల్పు అయిపోయింది.

కోడింగ్ చేసేవాళ్లకి ఒక మాట. నంపైలో ఇమేజ్ షేప్ అడిగితే ముందు ఎత్తు, తర్వాత వెడల్పు ఇస్తుంది. ఓపెన్‌సీవీలో రీసైజ్ చేసేటప్పుడు ముందు వెడల్పు, తర్వాత ఎత్తు అడుగుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో దీని మీద నాకు ఒక పూట పోయింది. చతురస్రం బొమ్మతో టెస్ట్ చేశాను కాబట్టి తప్పు కనపడలేదు. పొడవాటి ఫొటో రాగానే అందరి మొహాలూ సాగిపోయాయి.

ఫోన్‌కి పైవైపు ఎలా తెలుస్తుంది?

ఫోన్ అడ్డంగా తిప్పగానే వీడియో తిరుగుతుంది కదా. ఆ పని చేసేది యాక్సిలరోమీటర్ అనే సెన్సర్. ఆండ్రాయిడ్‌లో దానికి మూడు అక్షాలు. ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే ఎక్స్ కుడివైపుకి, వై పైవైపుకి, జెడ్ స్క్రీన్ నుంచి మన మొహం వైపుకి. ఫోన్ కదలకుండా ఉన్నప్పుడు ఏ అక్షం ఆకాశం వైపు ఉంటే దాని మీద దాదాపు 9.8 రీడింగ్ వస్తుంది. నిలువుగా ఉంటే వై మీద, పక్కకి తిప్పితే ఎక్స్ మీద, టేబుల్ మీద వెల్లకిలా పెడితే జెడ్ మీద.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, స్క్రీన్ తిరిగితే యాప్‌కి కనిపించే విడ్త్, హైట్ తారుమారవుతాయి. కానీ సెన్సర్ అక్షాలు తిరగవు, అవి ఫోన్ ఒంటికి అతుక్కుని ఉంటాయి. అంటే ఒకే ఫోన్‌లో రెండు రకాల ఎత్తులు ఒకేసారి నడుస్తుంటాయి. చెట్టు లాంటిది ఒకటి, మనిషి లాంటిది ఒకటి. రెండు, టేబుల్ మీద వెల్లకిలా ఉన్నప్పుడు ఎక్స్, వై రెండూ సున్నాకి దగ్గరగా ఉంటాయి. ఏ అంచు పైవైపో చెప్పడానికి ఆధారం ఉండదు. మంచం మీద పెట్టి ఫోన్ చూస్తుంటే స్క్రీన్ ఇష్టమొచ్చినట్టు తిరగడానికి కారణం ఇదే.

ఫొటోల దగ్గర ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. కెమెరా సెన్సర్ ఫోన్‌లో ఒక దిశలో బిగించి ఉంటుంది. మీరు నిలువుగా ఫొటో తీస్తే చాలా ఫోన్లు పిక్సెళ్లని తిప్పవు. అడ్డంగానే సేవ్ చేసి, “చూపించేటప్పుడు తిప్పి చూపించు” అని ఫైల్‌లో ఒక చిన్న గుర్తు పెడతాయి. దాన్ని ఎక్సిఫ్ ఓరియంటేషన్ అంటారు, 1 నుంచి 8 వరకు విలువలు. గ్యాలరీ యాప్ ఆ గుర్తు చదువుతుంది కాబట్టి ఫొటో సరిగ్గా కనిపిస్తుంది. ఆ గుర్తుని పట్టించుకోని వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేస్తే మనిషి పక్కకి పడుకుంటాడు. పరీక్ష అప్లికేషన్‌లో ఫొటో అలా వెళ్లిపోతే తలనొప్పి కదా. పరిష్కారం చాలా తేలిక. అప్‌లోడ్ చేసే ముందు ఫోన్‌లోనే ఎడిట్ తెరిచి కొంచెం క్రాప్ చేసి సేవ్ చేయండి. ఎక్కువ యాప్‌లు అలా సేవ్ చేసేటప్పుడు పిక్సెళ్లనే సరిగ్గా తిప్పి రాస్తాయి.

ప్రశ్న 2: సున్నా ఎక్కడ?

మేస్త్రి ప్రశ్న ఇదే, “ఎక్కణ్ణుంచి?” టీవీలో స్టాండ్ అడుగు నుంచా, ప్యానెల్ అంచు నుంచా? ఫోన్ మందం అంటే కెమెరా బంప్ కలిపా, వదిలేసా? కంపెనీలు ఇచ్చే మందం మామూలుగా బంప్ వదిలేసి కొలిచింది. కవర్‌కి, జేబుకి పనికొచ్చేది బంప్ కలిపిన మందం.

స్క్రీన్ మీద సున్నా పైన ఉంటుంది, కింద కాదు. యాప్ కోడ్‌లో పై ఎడమ మూల సున్నా, కిందికి వెళ్లేకొద్దీ అంకె పెరుగుతుంది. స్కూల్లో గీసిన గ్రాఫ్‌కి పూర్తిగా తలకిందులు.

అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది జీపీఎస్ ఎత్తు. విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబడి, శాటిలైట్ల నుంచి వచ్చే నేరు రీడింగ్ చూపించే యాప్ తెరవండి. ఎత్తు పదుల మీటర్లు మైనస్‌లో కనిపించవచ్చు. ఫోన్ పాడైందని కంగారు పడక్కర్లేదు, మీరు సముద్రంలోనూ లేరు.

కారణం ఇది. జీపీఎస్ ఎత్తుని కొలిచేది సముద్రమట్టం నుంచి కాదు, డబ్ల్యూజీఎస్ 84 అనే నమూనాలో భూమికి ఇచ్చిన నున్నటి గుడ్డు లాంటి ఆకారం నుంచి. నిజమైన సముద్రమట్టం ఆ నున్నటి ఆకారంతో కలవదు. భూమి లోపల ద్రవ్యరాశి అన్నిచోట్లా ఒకేలా లేదు కాబట్టి గురుత్వాకర్షణ కూడా ఒకేలా ఉండదు. ఫలితంగా సగటు సముద్రమట్టం కొన్నిచోట్ల ఆ ఆకారానికి పైన, కొన్నిచోట్ల కింద ఉంటుంది. దక్షిణ భారతం చుట్టూ అది బాగా కింద ఉంది. మొత్తం భూమి మీద అతి లోతైన పల్లం శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది, 100 మీటర్లకి పైనే.

ఆండ్రాయిడ్‌లో యాప్‌కి దొరికే మామూలు ఆల్టిట్యూడ్ ఈ నున్నటి ఆకారం నుంచి కొలిచిందే. సముద్రమట్టం నుంచి ఎత్తు ఇచ్చే వేరే ఫీల్డ్ ఆండ్రాయిడ్ 14తో వచ్చింది. ఐఫోన్‌లో దీనికి తలకిందులు: మామూలు ఆల్టిట్యూడ్ సముద్రమట్టం నుంచి, ఆ నున్నటి ఆకారం నుంచి కొలిచేది ఐఓఎస్ 15లో విడిగా వచ్చింది. అందుకే ఒకే చోట నిలబడిన ఇద్దరు ఫ్రెండ్స్ ఫోన్లు రెండు ఎత్తులు చూపిస్తే రెండూ కరెక్ట్ కావచ్చు. మన రైల్వే స్టేషన్ పసుపు బోర్డులు ఈ విషయంలో చాలా పద్ధతి. ఎత్తు రాసి ఊరుకోవు, సగటు సముద్రమట్టం నుంచి అని కూడా రాస్తాయి.

డ్రోన్ ఎగరేసేవాళ్లు ఇంకో సున్నా గుర్తుంచుకోవాలి. కంట్రోలర్ మీద మామూలుగా కనిపించే ఎత్తు డ్రోన్ బయల్దేరిన చోటు నుంచి. 100 మీటర్ల కొండ మీద నుంచి ఎగరేసి 50 మీటర్ల ఎత్తులో ఉంచి లోయ వైపు పంపితే స్క్రీన్ మీద ఇంకా 50 అనే ఉంటుంది. కింద నేల మాత్రం 150 మీటర్ల దూరంలో ఉంటుంది. 2021 డ్రోన్ రూల్స్‌లో గ్రీన్ జోన్‌కి ఉన్న 120 మీటర్ల పరిమితిని లెక్కేసుకునేటప్పుడు ఈ తేడా మర్చిపోతే ఇబ్బందే.

ప్రశ్న 3: ఏ స్థితిలో?

ఫోల్డబుల్ ఫోన్లు వచ్చాక ఈ ప్రశ్న తప్పనిసరి అయింది. శాంసంగ్ జెడ్ ఫోల్డ్ 6 విప్పితే 153.5 × 132.6 × 5.6 మి.మీ. మడిస్తే 153.5 × 68.1 × 12.1. ఎత్తు కదల్లేదు, వెడల్పు సగమైంది. జెడ్ ఫ్లిప్ 6 విప్పితే 165.1 × 71.9 × 6.9. మడిస్తే 85.1 × 71.9 × 14.9. ఇక్కడ వెడల్పు కదల్లేదు, ఎత్తు సగమైంది.

రెండిటినీ “మడత ఫోన్” అనే అంటాం. కానీ పుస్తకంలా మడిచేది ఒకటి, పర్సులా మడిచేది ఇంకొకటి. చొక్కా జేబులోంచి ఫోన్ తల బయటికి పొడుచుకొస్తోందని ఇబ్బంది పడేవాళ్లకి పనికొచ్చేది ఫ్లిప్. పెద్ద స్క్రీన్ కావాలి కానీ చేతి పట్టులో ఇమడాలి అనుకునేవాళ్లకి ఫోల్డ్. “ఎత్తు ఎంత” అని ఒక్క అంకె అడిగితే ఈ తేడా తెలియదు. రెండు స్థితుల అంకెలూ అడగాలి.

అంగుళాలు ఒకటే, స్క్రీన్ ఒకటి కాదు

స్క్రీన్ సైజు అంటే మూల నుంచి మూలకి ఐమూలగా కొలిచిన పొడవు అని మీకు తెలిసిందే. పైవైపు ఏదైనా ఐమూల మారదు కాబట్టి ఇది సేఫ్ కొలత అనిపిస్తుంది. కానీ ఇక్కడా కిటుకు ఉంది.

పాత 16:9 ఫోన్ 6.5 అంగుళాలది అనుకోండి. లెక్కేస్తే స్క్రీన్ 14.4 సెం.మీ. ఎత్తు, 8.1 సెం.మీ. వెడల్పు. విస్తీర్ణం సుమారు 116 చదరపు సెం.మీ. ఇప్పటి 20:9 ఫోన్ కూడా 6.5 అంగుళాలే అనుకోండి. 15.1 సెం.మీ. ఎత్తు, 6.8 సెం.మీ. వెడల్పు, విస్తీర్ణం 102. అదే “6.5 అంగుళాలు”, స్క్రీన్ మాత్రం దాదాపు 12 శాతం తక్కువ. సన్నగా సాగదీసేకొద్దీ ఐమూల పొడవు నిలబడుతుంది, విస్తీర్ణం తగ్గుతుంది. కాబట్టి పాత ఫోన్‌తో కొత్త ఫోన్‌ని పోల్చేటప్పుడు అంగుళాలతోపాటు రేషియో కూడా చూడండి.

ఏడు మిల్లీమీటర్లు ఎందుకు ముఖ్యం?

“సరేలే, కవర్ పట్టకపోతే మార్చుకుంటాం, ఇంత పాఠం అవసరమా” అనిపించవచ్చు. ఒక ఉదాహరణ చెప్తాను, ఇది గ్యాడ్జెట్ కొనడం గురించి కాదు.

అంగన్‌వాడీ కార్యకర్తలు పిల్లల ఎత్తు, బరువు కొలిచి ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల ప్రమాణాల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి, దాన్ని పొడవు అంటారు. రెండేళ్లు నిండితే నిలబెట్టి కొలవాలి, దాన్ని ఎత్తు అంటారు. ఒకే బిడ్డని రెండు రకాలుగా కొలిస్తే పడుకోబెట్టిన కొలత సగటున 0.7 సెం.మీ. ఎక్కువ వస్తుంది. నిలబడితే శరీర బరువుకి వెన్ను కొద్దిగా నొక్కుకుంటుంది కదా. అందుకే రెండేళ్లు నిండిన బిడ్డ నిలబడలేకపోతే పడుకోబెట్టి కొలిచి 0.7 తీసేయాలి. రెండేళ్ల లోపు బిడ్డని నిలబెట్టి కొలిస్తే 0.7 కలపాలి.

ఇప్పుడు సరిగ్గా రెండేళ్లు నిండిన ఒక బాబు ఉన్నాడనుకోండి. నిలబడనని మారాం చేస్తే పడుకోబెట్టి కొలిచారు, 81.3 సెం.మీ. వచ్చింది. ఆ వయసు మగపిల్లలకి నిలబడిన ఎత్తు 81.0 కంటే తక్కువైతే ఎదుగుదల తగ్గినట్టు లెక్క. 81.3 అని అలాగే ఎంటర్ చేస్తే బాబు గీతకి పైన ఉన్నాడు, అంతా బాగుందని చూపిస్తుంది. నియమం ప్రకారం 0.7 తీసేస్తే 80.6, గీతకి కింద. శ్రద్ధ పెట్టాల్సిన బిడ్డ లిస్టులో లేకుండా పోతాడు.

అంకె తప్పు కాదు. టేపు తప్పు కాదు. కొలిచిన మనిషి కూడా సరిగ్గానే కొలిచారు. ఆ అంకెతోపాటు “పడుకోబెట్టి కొలిచాం” అనే ఒక్క మాట ప్రయాణం చేయలేదు, అంతే. డేటాబేస్‌లో ఎత్తు అని ఒక కాలమ్ పెట్టి వదిలేసే నాలాంటి డెవలపర్లు ఇది గుర్తుంచుకోవాలి. ఎత్తు పక్కన “ఎలా కొలిచారు” అని ఇంకో కాలమ్ ఉంటేనే ఆ ఎత్తుకి అర్థం.

కొనేముందు చెక్‌లిస్ట్

ఫోన్, ట్యాబ్: హైట్, విడ్త్ పేర్లు వదిలేసి పెద్ద అంకె, మధ్య అంకె, చిన్న అంకె అని చదవండి. మందంలో కెమెరా బంప్ కలిసిందో లేదో చూడండి.

ఫోల్డబుల్: మడిచిన కొలత జేబు కోసం, విప్పిన కొలత కళ్ల కోసం. రెండూ చూడండి.

ల్యాప్‌టాప్ బ్యాగ్: స్క్రీన్ అంగుళాలు చూసి కొనకండి. విడ్త్, డెప్త్ చూడండి. రెండు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లు అంచుల మందాన్ని బట్టి వేర్వేరు సైజుల్లో ఉంటాయి.

టీవీ: స్టాండ్‌తో, స్టాండ్ లేకుండా ఇచ్చిన రెండు లైన్లూ చదవండి. స్టాండ్ కాళ్ల మధ్య దూరం మీ బల్ల కంటే తక్కువ ఉండాలి. వెనక వైర్లకి ఖాళీ వదలండి. 55 అంగుళాల స్క్రీన్ అంటే సుమారు 122 సెం.మీ. వెడల్పు, 68.5 సెం.మీ. ఎత్తు. అంచులు దీనికి అదనం.

కొరియర్: చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి బరువు లెక్కేస్తాయి. ఇక్కడ మాత్రం ఏది పొడవు, ఏది ఎత్తు అని బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. మూడు అంకెలు ఏ వరసలో గుణించినా జవాబు ఒకటే.

ఆల్టిట్యూడ్ యాప్: సముద్రమట్టం నుంచా, వేరే సున్నా నుంచా అని సెట్టింగ్స్‌లో చూశాకే అంకెని నమ్మండి.

మొన్న ఇంట్లో కొత్త ఫ్రిజ్ కోసం వంటింట్లో చెక్క పని పడింది. మళ్లీ అదే మేస్త్రి. ఈసారి నేను అంకెలు చదవలేదు. ఫ్రిజ్ ఫొటో మీద బాణాలు గీసి, ప్రతి బాణం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసి పంపాను. పైన హింజ్ కవర్‌తో కలిపి ఎత్తు, తలుపు పూర్తిగా తెరిస్తే కావాల్సిన చోటు, వెనక గాలి ఆడటానికి వదలాల్సిన ఖాళీ, అన్నీ.

ఆయన ఫోన్ చేసి, “ఇప్పుడు అర్థమైంది బాబూ” అన్నారు. ఫ్రిజ్ ఒక్కసారికే పట్టింది.